సాంచా నాది, నూలు వాళ్లది

సిరిసిల్లలో రాత్రి ఏ సందులో నడిచినా సాంచాల చప్పుడు వెంటే వస్తుంది. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. రేకుల షెడ్డులో నాలుగైదు సాంచాలు ఆడుతుంటాయి. ఆ పక్కనే ఇంటి అరుగు మీద ఒకామె చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంటుంది. సాంచా ఆ ఇంటాయనది, అలాంటాయన్ను అక్కడ ఆసామి అంటారు. దాని మీదికెక్కిన బీము, ఆ బీములోని నూలు పనిచ్చే యజమానివి. చాట, కత్తెర ఆమెవి. ఆకు, తంబాకు కంపెనీవి. ఇద్దరికీ సొంత పనిముట్లున్నాయి, ఇద్దరికీ నెల జీతం లేదు. ఆయనకు మీటరుకింత, ఆమెకు వెయ్యి బీడీలకింత.

ఈ ఇంటిని చిన్న వ్యాపారం అనాలా, కూలిల్లు అనాలా? చూడబోతే పదాల తగువులా ఉంటుంది గానీ, చిన్న వ్యాపారాల పేరుతో ఈ దేశం 70 ఏళ్లుగా నడుపుతున్న విధానాలు ఎక్కడ పనిచేశాయో, ఎక్కడ గురి తప్పాయో తేల్చేది ఈ ప్రశ్నే. ఢిల్లీ నుంచి వచ్చే ప్రతి పథకం ఒక మనిషిని ఊహించుకుంటుంది. అతనికి సొంత పెట్టుబడి ఉంటుంది, సరుకు తనే కొంటాడు, తనే అమ్ముతాడు, లెక్క రాస్తాడు, కాస్త అప్పు దొరికితే చాలు, ఎదుగుతాడు. అలాంటి మనుషులు జగిత్యాల కొత్త బస్టాండు చుట్టూ, కోరుట్ల అంగడి బజారులో చాలామందే ఉన్నారు. సిరిసిల్ల షెడ్డులోని ఆసామి, కోరుట్ల అరుగు మీది బీడీల ఆమె మాత్రం ఆ ఊహలో లేరు.

ఒకప్పటి కరీంనగర్ జిల్లాలోని ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబర్ 11న రెండు జిల్లాలకు పంచబడ్డాయి. జగిత్యాల, కోరుట్ల ఒక జిల్లాలోకి, సిరిసిల్ల ఇంకో జిల్లాలోకి వెళ్లాయి. జగిత్యాల చుట్టూ వరి, మామిడి, పసుపు. కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు, దుబాయి డబ్బులు. సిరిసిల్లలో బట్ట. మూడు చోట్లా ఉన్నవి చిన్న వ్యాపారాలే అయినా, మూడింటినీ పట్టిన రోగం ఒకటి కాదు.

పాత కథ నుంచి మొదలుపెడదాం. 1955లో కర్వే కమిటీ గ్రామీణ, చిన్న పరిశ్రమలకు పెద్ద మిల్లుల పోటీ నుంచి రక్షణ కావాలని చెప్పింది. మరుసటి ఏడు వచ్చిన పారిశ్రామిక విధాన తీర్మానం ఆ మాటను నెత్తిన పెట్టుకుంది. 1967లో 47 వస్తువులను చిన్న పరిశ్రమలే చేయాలని కేటాయించారు. ఆ జాబితా పెరిగి పెరిగి 800 దాటింది. ఊరగాయలు, రొట్టె, అగరుబత్తీలు, అగ్గిపెట్టెలు, తాళాలు, చేతి గాజులు అన్నీ అందులోనే. ఉద్దేశం మంచిదే. కానీ ఎదిగితే హక్కు పోతుంది కాబట్టి, ఎదగవలసినవాడు కూడా ఒక షెడ్డును పెంచే బదులు ఇంకో పేరు మీద ఇంకో షెడ్డు తెరవడం నేర్చుకున్నాడు. 1997లో ఆబిద్ హుస్సేన్ కమిటీ ఈ కేటాయింపులు ఎత్తేయమంది. చివరి 20 వస్తువులు 2015 ఏప్రిల్‌లో జాబితా నుంచి పోయాయి. దీనిమీద మార్టిన్, నటరాజ్, హారిసన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనం, కేటాయింపులు ఎక్కువగా పోయిన జిల్లాల్లోనే ఉపాధి ఎక్కువ పెరిగిందని చూపించింది. చిన్నవాటిని చిన్నవాటిగానే ఉంచే రక్షణ పనికిరాదన్న వాదనకు ఇంతకంటే గట్టి సాక్ష్యం మన దేశంలో తక్కువ.

అయితే సిరిసిల్ల ఆ జాబితా నీడలో పెరిగిన ఊరు కాదు. చేనేత పద్మశాలీలు భివండి, సోలాపూర్, ముంబై మిల్లులకు వలసపోయి, సాంచా పని నేర్చుకుని, పాత మగ్గాలు తెచ్చుకుని నిలబెట్టిన ఊరది. 1985 జౌళి విధానం మరమగ్గాలకు దారి తెరిచింది. అదే ఏడు వచ్చిన చేనేత కేటాయింపు చట్టం 22 రకాలను చేతి మగ్గాలకే రాసిచ్చింది. అవి తర్వాత 11కు తగ్గాయి. అంటే మిల్లు ముందు సిరిసిల్ల సాంచా చిన్నది, చేతి మగ్గం ముందు పెద్దది. రక్షణ ఇచ్చే చట్టం దృష్టిలో అది ముద్దాయి. ఆ మధ్య స్థితి నుంచి అది ఇప్పటికీ బయటపడలేదు.

2006లో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం వచ్చింది. మన చిన్న వ్యాపారాల చరిత్రలో అన్నిటికంటే తెలివైన కాగితం ఇదేనని నా అభిప్రాయం. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు దాని నిర్వచనాల సంగతి. 2020 జులై 1 నుంచి కోటి రూపాయల పెట్టుబడి, 5 కోట్ల టర్నోవరు లోపు ఉంటే సూక్ష్మ సంస్థ. 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ గీతను పెట్టుబడిలో రెండున్నర కోట్లకు, టర్నోవరులో 10 కోట్లకు జరిపారు. మధ్యతరహా అయితే టర్నోవరు 500 కోట్ల దాకా పోవచ్చు. ఎదిగితే లాభాలు పోతాయన్న భయం తగ్గించడానికి ఇది మంచిదే. కానీ జాతీయ నమూనా సర్వే 73వ విడత లెక్క ప్రకారం దేశంలోని 6 కోట్ల 34 లక్షల సంస్థల్లో 99 శాతానికి పైగా సూక్ష్మ సంస్థలే. చిన్నవి 3 లక్షల పైచిలుకు, మధ్యతరహావి 5 వేలు. ఇలాంటి గుంపులో పై గీతను ఇంకా పైకి జరిపితే లోపలికి వచ్చేది పైనున్న కొద్దిమంది. అట్టడుగున ఉన్నవాడు వాళ్లతో ఒకే వరుసలో నిలబడి ఒకే బ్యాంకు మేనేజరు ముందు చేయి చాపాలి. నాలుగు సాంచాల ఆసామి, 9 కోట్ల వ్యాపారం చేసే మిల్లరు ఇద్దరూ కాగితం మీద ‘సూక్ష్మ’మే!

కరెంటు దగ్గర గీత ఇంకో రకంగా కోస్తుంది. సిరిసిల్లకు కరెంటు ఇచ్చేది 1970లో పుట్టిన సహకార సంఘం ‘సెస్’. దేశంలో మొదటి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అది ఒకటి. సాంచాలకు సగం రాయితీ ఏళ్లుగా నడుస్తోంది. కానీ లోడు ఒక పరిమితి దాటితే కుటీర పరిశ్రమ లెక్క పోయి, పరిశ్రమ లెక్క వస్తుంది. నాలుగు సాంచాలు పెంచుకోవాలనుకున్న ఆసామి ముందుగా చూసుకోవలసింది నూలు ధరా కాదు, బట్ట గిరాకీ కాదు, మీటరు బోర్డు. 1967 జాబితాను ఎత్తేశామని మనం సంతోషిస్తున్నాం గానీ, దాని బుద్ధి ఇంకా టారిఫ్ పుస్తకాల్లో బతికే ఉంది.

ఇక అప్పుల సంగతి. ప్రభుత్వాలన్నిటికీ ఇష్టమైన మందు అదే. 1990లో చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ, 2000లో పూచీకత్తు లేని అప్పులకు హామీ ఇచ్చే ట్రస్టు, 2008లో రెండు పాత పథకాలను కలిపి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం (పీఎంఈజీపీ), 2015 ఏప్రిల్‌లో ముద్ర. ముద్రలో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా, తరుణ్ కింద 10 లక్షల దాకా. 2024లో ‘తరుణ్ ప్లస్’ పేరుతో 20 లక్షల దాకా పెంచారు. పీఎంఈజీపీలో ఊళ్లోని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా దరఖాస్తుదారుకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం రాయితీ. కరోనా కాలంలో 3 లక్షల కోట్లతో మొదలైన అత్యవసర రుణ హామీని 5 లక్షల కోట్లకు పెంచారు. ఇంతా చేస్తే, 2019లో యు.కె. సిన్హా కమిటీ ఈ రంగానికి ఇంకా 20 నుంచి 25 లక్షల కోట్ల అప్పు కొరత ఉందని అంచనా వేసింది.

అప్పు దొరికినవాడు బాగుపడతాడా? ఈ ప్రశ్నకు ప్రపంచం మొత్తం చదివే జవాబు మన హైదరాబాద్ బస్తీల్లోనే దొరికింది. 2005 నుంచి 104 బస్తీల్లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, వాళ్ల సహచరులు సగం చోట్ల సూక్ష్మ రుణాలు వచ్చేలా, సగం చోట్ల రాకుండా చూసి పోల్చారు. ముందునుంచే వ్యాపారం ఉన్నవాళ్లు కొంత పెట్టుబడి పెంచుకున్నారు. వాళ్లలోనూ పై వరుసలోనివాళ్లకే లాభం బాగా కనిపించింది. ఇంటి ఖర్చులో, పిల్లల చదువులో, ఆడవాళ్ల మాట చెల్లుబాటులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ సర్వేలు నడుస్తున్న కాలంలోనే ఉమ్మడి రాష్ట్రం పల్లెల్లో వారం వారం వసూళ్ల ఒత్తిడి ముదిరింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం సూక్ష్మ రుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. శ్రీలంకలో సునామీ తర్వాత చేసిన ఇంకో ప్రయోగంలో చిన్న దుకాణదారులకు ఉచితంగా డబ్బిస్తే మగవాళ్ల వ్యాపారాల్లో లాభం పెరిగింది, ఆడవాళ్లవాటిలో పెరగలేదు. తర్వాత వేరే పరిశోధకులు తిరగేసి చూస్తే, ఆమె పేరున వచ్చిన డబ్బు అదే ఇంట్లో మగాయన వ్యాపారంలోకి పోతోందని తేలింది. మన మహిళా సంఘాల అప్పు పుస్తకాలు చూసినవాళ్లకు ఇదేమీ కొత్త వార్త కాదు.

అప్పు పనికిరాదని నేననడం లేదు. జగిత్యాలలో గల్ఫ్ నుంచి తిరిగొచ్చి సెల్‌ఫోన్ దుకాణమో, టిఫిన్ సెంటరో పెట్టినవాడికి ముద్ర సరిగ్గా సరిపోతుంది. సరుకు అతనిది, గిరాకీ అతనిది, లోటు పెట్టుబడి ఒక్కటే. ఆసామి సంగతి వేరు. అతనికి ఇంకో సాంచా కొనిచ్చినంత మాత్రాన దాని మీదికి బీము రాదు. బీము యజమాని ఇవ్వాలి, యజమానికి వ్యాపారి ఆర్డరు ఇవ్వాలి. ఆ ఆర్డరు లేనప్పుడు సాంచా ఆగుతుంది గానీ వాయిదా ఆగదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో సిరిసిల్ల పేరు పత్రికల్లో నేతన్నల ఆత్మహత్యలతో మారుమోగడానికి వెనక ఈ లెక్కే ఉంది.

జౌళి పథకాలు ఏం చేశాయో చూడండి. 1999లో మొదలైన సాంకేతిక ఆధునికీకరణ నిధి కొత్త యంత్రాలకు సాయం చేసింది, 2022 మార్చితో ముగిసింది. 2017లో వచ్చిన పవర్‌టెక్స్ పాత సాంచాలకు కొత్త పరికరాలు బిగించుకోవడానికి రాయితీ ఇచ్చింది. 2021లో కృత్రిమ నూలు వస్త్రాలకు 10,683 కోట్ల ఉత్పత్తి ప్రోత్సాహకం ప్రకటించారు. సిరిసిల్ల నేసేది ఎక్కువగా పాలిస్టరే కదా, మనకే అనుకున్నవాళ్లున్నారు. తొలుత అందులో చేరడానికి కనీస పెట్టుబడి ఒక తరగతికి 300 కోట్లు, ఇంకో తరగతికి 100 కోట్లు అని రాశారు. యంత్రం, యంత్రం, యంత్రం. నూలు ఎవరు కొంటారు, బట్ట ఎవరు కొంటారు అన్న రెండు ప్రశ్నల జోలికి వెళ్లిన పథకం తక్కువ. ఆ మాటకొస్తే నేతకు ముందు నూలు పోగులను సిద్ధం చేసే వార్పిన్, వైపని కార్మికుల గురించి ఆలోచించిన పథకం ఇంకా తక్కువ.

బట్ట ఎవరు కొంటారన్న ఆ రెండో ప్రశ్నకు జవాబు ఢిల్లీ నుంచి కాక హైదరాబాద్ నుంచి వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పథకం పెట్టింది. ఏటా కోటి చీరల మాట. మొదటి ఏడు అంత సరుకు ఇక్కడ తయారు కాక సూరత్ నుంచి తెప్పించారని, నాణ్యత బాగాలేదని కొందరు ఆడవాళ్లు చీరలు కాల్చిన దృశ్యాలు కూడా చూశాం. తర్వాతి ఏళ్లలో మాత్రం సిరిసిల్ల తేరుకుంది. పరస్పర సహాయ సహకార (మ్యాక్స్) సంఘాలు, చిన్న యూనిట్లు ఆర్డరు పంచుకున్నాయి. గుడ్డ మాత్రమే నేసే సాంచాలకు డాబీలు బిగించి అంచు చీరలు నేయడం నేర్చుకున్నారు. ఏ శిక్షణ తరగతీ నేర్పలేని పనిని ఒక ఆర్డరు నేర్పింది. ఏడాదిలో కొన్ని నెలల పాటు కార్మికుడి కూలి పాలిస్టర్ కూలి కంటే బాగా పెరిగింది. రెండు దశాబ్దాల రాయితీలన్నీ ఒక పక్క, ఈ ఆర్డరు ఒక పక్క వేసి తూస్తే ఆర్డరు వైపే త్రాసు మొగ్గుతుంది.

కానీ ఒకే గిరాకీదారు మీద ఊరు ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో కూడా సిరిసిల్లే చూపించింది. బట్ట ఇచ్చాక సొమ్ము నెలల తరబడి రాలేదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది, బతుకమ్మ చీరల ఆర్డరు ఆగింది, బకాయిలు మిగిలాయి. 2024లో సాంచాలు ఆగాయి, ఆత్మహత్యల వార్తలు మళ్లీ వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల సభ్యులకు ఇందిరా మహిళా శక్తి చీరల పేరుతో కొత్త ఆర్డరు ఇచ్చారు. వేములవాడలో 50 కోట్ల మూలధనంతో నూలు డిపో పెట్టారు. నా దృష్టిలో ఈ రెండింటిలో నూలు డిపో పెద్ద అడుగు. చీరల రంగు ప్రభుత్వంతో మారవచ్చు గానీ, నూలు అప్పుగా దొరికే చోటు ఉంటే ఆసామి మొదటిసారి బయటి వ్యాపారితో నేరుగా మాట్లాడగలడు. అది సంఘాల పేరున పెద్ద యజమానుల చేతిలోకే పోతుందా, ఆసామి దాకా వస్తుందా అన్నదే దానికి అసలు పరీక్ష.

ఇప్పుడు 2006 చట్టం తెలివి సంగతి. చిన్న సంస్థ దగ్గర సరుకు కొన్నవాడు ఎంత ఒప్పందం ఉన్నా 45 రోజుల్లో సొమ్ము కట్టాలని, దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ నెలనెలా చక్రవడ్డీగా కట్టాలని ఆ చట్టం చెబుతుంది. తీర్పు మీద అప్పీలుకు వెళ్లాలంటే కొన్నవాడు ముందుగా 75 శాతం డిపాజిట్ చేయాలి. 2017లో ఫిర్యాదులకు ‘సమాధాన్’ పోర్టల్ తెరిచారు. 2024 ఏప్రిల్ నుంచి ఆదాయపు పన్ను చట్టంలోనూ మెలిక పెట్టారు. గడువులో సొమ్ము కట్టని కంపెనీ ఆ ఖర్చును ఆ ఏడు లెక్కలో చూపుకోలేదు. అప్పు కంటే ఇది ఎన్నో రెట్లు మంచి మందు. ఎందుకంటే చిన్న వ్యాపారికి రావలసింది సకాలంలో వస్తే సగం అప్పు అవసరమే లేదు.

మరి ఇంత మంచి చట్టం సిరిసిల్లలో ఎందుకు పలకలేదు? మొదటి కారణం, కొనేది సర్కారు. రేపటి ఆర్డరు కావలసినవాడు ఇవాళ్టి బకాయి మీద ఫిర్యాదు పెట్టడు. రెండోది, ఆ చట్టం తలుపు కేంద్రం దగ్గర చేసుకునే ఉద్యమ్ నమోదు, బిల్లు అనే రెండు తాళంచెవులతో తెరుచుకుంటుంది. యజమాని దగ్గర బీము తెచ్చుకుని బట్ట నేసి ఇచ్చే ఆసామికి బిల్లెక్కడిది? చిన్న నోటు పుస్తకంలో మీటర్ల లెక్క ఉంటుంది, అంతే. జపాన్ ఈ చిక్కును ముందే చూసింది. మన రెండో పారిశ్రామిక తీర్మానం వచ్చిన 1956లోనే, పెద్ద కంపెనీలు తమకు పని చేసిపెట్టే చిన్నవాళ్లకు సొమ్ము ఆలస్యం చేయకూడదని ప్రత్యేక చట్టం చేసింది. సరుకు అందిన 60 రోజుల్లో ఇవ్వాలన్న గడువు తర్వాత అందులో చేరింది. పని ఇచ్చేటప్పుడే షరతులన్నీ కాగితం మీద రాసివ్వడం అక్కడ ఇచ్చేవాడి బాధ్యత. మనం రుజువు భారం పని తీసుకునేవాడి మీద పెట్టాం.

పన్ను దగ్గర కేంద్రం ఆలస్యంగానైనా ఒక పాత తప్పు దిద్దింది. 2017లో జీఎస్టీ మొదలైనప్పటి లెక్కలో కృత్రిమ పీచు మీద 18 శాతం, నూలు మీద మొదట 18, కొద్ది నెలలకే 12, బట్ట మీద 5. నూలు కొన్నప్పుడు కట్టింది ఎక్కువ, బట్ట అమ్మినప్పుడు వసూలయ్యేది తక్కువ. మధ్యలో చిన్న యజమాని డబ్బు ఇరుక్కుపోయేది. వాపసు ఇవ్వడం కూడా 2018 ఆగస్టు నుంచే మొదలైంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పీచు, నూలు రెండూ 5 శాతానికి వచ్చాయి. ఎనిమిదేళ్లు పట్టింది. రాష్ట్రం తన వంతు చూసుకోవాలి. 2019లో సరుకుల వ్యాపారులకు నమోదు పరిమితిని 40 లక్షలకు పెంచుకోవచ్చని జీఎస్టీ మండలి చెబితే ఆంధ్రప్రదేశ్ పెంచుకుంది, తెలంగాణ 20 లక్షల దగ్గరే ఆగింది.

కోరుట్లకు వద్దాం. ఇక్కడ బీడీల ఆమెకు చట్టం దృష్టిలో వ్యాపారి హోదా లేదు, 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టం ఆమెను కార్మికురాలిగా గుర్తించింది. ఒక రకంగా అది ఆమె అదృష్టం. భవిష్య నిధి, గుర్తింపు కార్డు దాని వల్లే వచ్చాయి. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది. బీడీల మీద వేసే సెస్సుతో ఆసుపత్రులు, పిల్లలకు ఉపకార వేతనాలు, ఇళ్లు. 2017లో జీఎస్టీతో పాటు ఆ సెస్సు పోయింది, నిధికి సొంత ఊట ఎండిపోయింది. అదే రోజు బీడీ మీద 28 శాతం, తునికాకు మీద 18 శాతం పన్ను పడింది. కంపెనీ తన మీద పడ్డ భారాన్ని పని దినాల మీద కోసింది. 2025 సెప్టెంబరులో ఆకు మీద 5కు, బీడీ మీద 18కి తగ్గించాలని నిర్ణయించారు. పీఎఫ్ ఉన్న బీడీ కార్మికులకు రాష్ట్రం ఇచ్చే పింఛను వెయ్యితో మొదలై 2,016 అయింది. చాలా ఇళ్లలో నెలలో నమ్మకంగా వచ్చే డబ్బు అదొక్కటే.

పొగాకు తగ్గాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పని మానేసిన ఆమె ఏం చేయాలన్నది ఏ మంత్రిత్వ శాఖ బల్ల మీదా లేదు. 2023లో పీఎం విశ్వకర్మ వచ్చింది. 18 వృత్తులకు 15 వేల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల అప్పు. దర్జీ ఉన్నాడు, పూలమాలలు కట్టేవాళ్లున్నారు, వల అల్లేవాళ్లున్నారు. నేత నేసేవాళ్లు లేరు, బీడీ చుట్టేవాళ్లు లేరు. సాంచా ఇల్లు, బీడీ ఇల్లు ఒకే ఇల్లయిన చోట ఆ ఇంటికి రెండు సార్లు సున్నా. సిరిసిల్ల జిల్లా నేతకారుడు ఎల్ది హరిప్రసాద్ జీ-20 గుర్తును మగ్గం మీద నేసి పంపితే 2022 నవంబరులో ప్రధాని ‘మన్ కీ బాత్’లో మెచ్చుకున్నారు. మెచ్చుకోలు చేరిన చోటికి పథకం చేరలేదు.

జగిత్యాల సంగతి రెండు ముక్కల్లో. చల్‌గల్ మార్కెట్ నుంచి ఎండాకాలం మామిడి లారీలు ఉత్తరాదికి పోతాయి, పండు ఇక్కడిది, ధర బయటి వ్యాపారిది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. దాంతో చెరకు చుట్టూ బతికిన బండ్లు, కొట్లు, హోటళ్లు ఏ గణాంకంలోనూ చేరకుండానే పోయాయి. పసుపు బోర్డు 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది. ఆహార శుద్ధి చిన్న యూనిట్లకు 2020 నుంచి 35 శాతం రాయితీ ఉంది, గరిష్ఠం 10 లక్షలు. పసుపు ఉడకబెట్టి, పొడి కొట్టి, ప్యాకెట్ కట్టే యూనిట్లు మెట్‌పల్లి, కోరుట్ల చుట్టూ పెరగడానికి ఇది పనికొస్తుంది. ఇక్కడ సరుకు మనది కాబట్టి అప్పు కూడా పనిచేస్తుంది.

ఇంకొక్క మాట. ముంబై చుట్టుపక్కల బట్టల మిల్లుల్లో నికొలస్ బ్లూమ్ బృందం కొన్నిటికి ఉచితంగా నిర్వహణ సలహాదారులను పంపింది. సరుకు లెక్క రాయడం, యంత్రం ఆగకముందే చూసుకోవడం, లోపాలు నమోదు చేయడం లాంటి మామూలు పనులు. మొదటి ఏడే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. అవి సిరిసిల్ల షెడ్ల కంటే ఎంతో పెద్దవి, ఒప్పుకుంటాను. అయినా సేద్యానికి జగిత్యాల దగ్గర పొలాస పరిశోధనా కేంద్రం ఉన్నట్టు, సాంచాకు గల్లీలో తిరిగే సలహాదారు ఉంటే తప్పేముంది? రైతుకు ఉన్న విస్తరణ అధికారి నేతన్నకు ఎందుకుండకూడదు?

చివరికి ఒక్క కోరిక. ఇప్పుడు నడుస్తున్న చీరల ఆర్డరు గానీ, రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో పేరుతో ఇవ్వబోయే ఆర్డరు గానీ, అందులో నేతగాడు బట్ట ఇవ్వవలసిన గడువు ఉంటుంది. ఆ పక్క వరుసలోనే సర్కారు సొమ్ము ఇవ్వవలసిన తేదీ కూడా రాయండి. ఆ కాగితం నకలు ఒకటి షెడ్డులో ఆసామి చేతికి కూడా ఇవ్వండి.